పాదరసం లేని దవాఖానా, పాదరసం లేని ఇల్లు: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"డిజిటల్ బీపీ మిషన్లు కొన్నాం, పాత పాదరసం మిషన్లను ఏం చేయాలి?" హనుమకొండలోని నక్కలగుట్ట, బాలసముద్రం ప్రాంతాల నర్సింగ్ హోంల వారు, పరకాల, నర్సంపేట వైపు క్లినిక్కులు నడిపేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇళ్లలో ఉండేవారు అడిగేది మరొకటి: "థర్మామీటర్ కింద పడి పగిలింది, ఊడ్చేశాం, ఇంకేమైనా చేయాలా?" రెండు ప్రశ్నలూ ఆలస్యంగా అడిగినవే. కొత్తది కొన్న తర్వాత పాతదాని గురించీ, ఊడ్చిన తర్వాత ఊడ్చవచ్చా అన్న సంగతి గురించీ ఆలోచించడం వల్లనే పాదరసం మోరీలోకో, చెత్త ఆటోలోకో, అక్కడి నుంచి రాంపూర్ డంపింగ్ యార్డులోకో చేరుతోంది.

కనుక ఈ వ్యాసంలో పరికరాల కంటే పనుల వరుసకే ఎక్కువ చోటు ఇచ్చాను. మొదటి ఏడు భాగాలు దవాఖానాలకు, క్లినిక్కులకు సంబంధించినవి. ఇల్లు మాత్రమే చూసుకోవలసినవారు 2, 6, 8 భాగాలు చదివితే సరిపోతుంది.

1. మొదట లెక్క తీయండి

కొనుగోలు ఆలోచన పక్కన పెట్టి, ఒక నోటు పుస్తకం పట్టుకుని గదిగదికీ తిరగండి. వస్తువు, ఉన్న గది, సంఖ్య, స్థితి, ఆ గది బాధ్యులు అనే ఐదు గడులు గీసుకుంటే చాలు. స్థితి గడిలో "పనిచేస్తోంది", "పగిలింది", "కారుతోంది" అని స్పష్టంగా రాయండి, ఎందుకంటే కారుతున్న పరికరానికి మిగతావాటితో పాటు వేచి ఉండే వీలు లేదు.

పరిమాణాల అంచనా ముందే ఉంటే దేనికి తొందరపడాలో తెలుస్తుంది. ఒక జ్వరం థర్మామీటర్‌లో సుమారు అర గ్రాము నుంచి 1 గ్రాము వరకు పాదరసం ఉంటుంది. బల్లపై పెట్టే పాదరసం బీపీ మిషన్‌లో సాధారణంగా 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. ఒక సీఎఫ్ఎల్ బల్బులో ఉండేది సుమారు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ. అంటే ఒక్క బీపీ మిషన్ ఒలికితే కనీసం 16 వేల సీఎఫ్ఎల్ బల్బులలోని పాదరసం ఒకే గదిలో పడినట్లు. అయినా ఎక్కువగా పగిలేది మాత్రం థర్మామీటరే.

అందరికీ కనిపించే పరికరాలను లెక్కించడం తేలిక. వదిలేసేవి ఇవి:

- స్టోర్ గది అలమారలో మూలకు నెట్టిన పాడైన బీపీ మిషన్లు, వాటి నుంచి తీసి ఎవరో టానిక్ సీసాలో పోసి పెట్టిన పాదరసం.
- అంబులెన్సులోని పెట్టె, డాక్టరుగారు ఇళ్లకు తీసుకెళ్లే సంచి, ప్రసూతి గదిలోని పాత థర్మామీటర్లు.
- ఎక్స్-రే ఫిల్ములు చూసే లైటు పెట్టెలోని ట్యూబులు, పసికందుల కామెర్లకు వాడే పాత నీలి ట్యూబుల ఫోటోథెరపీ యూనిట్, ఆపరేషన్ థియేటర్‌లోని యూవీ దీపం.
- ల్యాబులో కణజాల పరీక్షలకు వాడే, పాదరసం సమ్మేళనం ఉన్న జెంకర్ ద్రావణం, మెర్క్యూరిక్ ఆక్సైడ్‌తో తయారుచేసిన హారిస్ హీమటాక్సిలిన్.
- గాయాలకు పూసే "ఎర్ర మందు". మెర్క్యురోక్రోమ్ పేరుతో దొరికే ఈ మందులో పాదరసం సమ్మేళనం ఉంటుంది. దీని స్థానంలో పోవిడోన్ అయోడిన్ వాడవచ్చు.

టీకాలను మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. కొన్ని బహుళ మోతాదు సీసాలలో మందు పాడవకుండా కాపాడే పదార్థంగా థయోమెర్సాల్ ఉంటుంది. దాని పరిమాణం అత్యల్పం, అది ఇథైల్ మెర్క్యూరీ రూపంలో ఉండి శరీరం నుంచి త్వరగా బయటకు పోతుంది. పాదరసంపై కుదిరిన మినమాటా అంతర్జాతీయ ఒప్పందం కూడా ఈ టీకాలను మినహాయించింది. పాదరసం తగ్గించే కార్యక్రమం టీకాలపై అనుమానంగా మారితే మేలు కంటే కీడే ఎక్కువ.

2. కొనే ముందే కిట్టు సిద్ధం చేయండి

ఏ పరికరాన్నీ కదిలించకముందే ఒలికిన పాదరసాన్ని ఎత్తే కిట్టు చేతిలో ఉండాలి. మార్పిడి రోజున, అంటే పాత మిషన్లన్నీ చేతులు మారే రోజున, ఏదో ఒకటి కింద పడే అవకాశం మామూలు రోజుల కంటే ఎక్కువ.

కిట్టులో ఉండవలసినవి:

- నైట్రైల్ గ్లౌజులు మూడు జతలు, చెప్పులపై తొడుక్కునే ప్లాస్టిక్ కవర్లు.
- సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి రెండు, లేదా కంటి మందు డ్రాపర్.
- పెళ్లి పత్రిక వంటి గట్టి అట్టముక్కలు నాలుగు.
- వెడల్పాటి అంటుకునే టేపు, చిన్న పెయింటు బ్రష్షు.
- టార్చి.
- గంధకం పొడి 100 గ్రాములు.
- బిగుతైన మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ సీసా, అందులో అంగుళం ఎత్తు నీళ్లు.
- గాజు ముక్కలకు గట్టి డబ్బా, మిగతావాటికి జిప్ కవర్లు, చెరగని ఇంకు పెన్ను.

గంధకం ఎక్కడ దొరుకుతుందని చాలామంది అడుగుతారు. మామిడి, మిరప తోటలలో బూడిద తెగులుకు చల్లే గంధకం పొడి ఎరువుల దుకాణంలో దొరుకుతుంది, అదే పనికొస్తుంది. సీసాలో నీళ్లు ఎందుకంటే, నీటి అడుగున ఉన్న పాదరసం ఆవిరి కావడం బాగా తగ్గుతుంది.

సీసా చిన్నదిగా ఉండాలి. పాదరసం నీటి కంటే పదమూడున్నర రెట్లు బరువు, కనుక లీటరు సీసా నిండితే 13 కిలోలు దాటుతుంది. మామూలు వాటర్ బాటిల్ అడుగు ఆ బరువుకు నిలవదు. 250 మిల్లీలీటర్ల మందపాటి సీసాలు రెండు మూడు ఉంచుకోవడం మంచిది.

ఇంట్లో ఇంత అవసరం లేదు. గ్లౌజులు, అట్టముక్కలు, టేపు, డ్రాపర్, మూత ఉన్న చిన్న సీసా ఒక కవరులో పెట్టి ఉంచితే చాలు.

3. ప్రత్యామ్నాయాన్ని ఎంచుకోవడం

థర్మామీటర్ల విషయంలో నిర్ణయం తేలిక. వాటర్‌ప్రూఫ్ కొస ఉన్న డిజిటల్ థర్మామీటర్ వార్డులకు సరిపోతుంది. నుదుటి వద్ద పెట్టి చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్నులను జ్వరాన్ని వడపోయడానికి వాడవచ్చు గానీ, మందు మోతాదు నిర్ణయించే కొలతకు వాటిని నమ్ముకోవద్దన్నది నా అభిప్రాయం. మే నెల ఎండలో వచ్చిన రోగి నుదురు, ఏసీ గదిలో గంట కూర్చున్న రోగి నుదురు ఒకే మాట చెప్పవు.

గాజు థర్మామీటరే కావాలనుకునేవారికి గాలియం, ఇండియం, తగరం కలిపిన మిశ్రమంతో చేసినవి ఉన్నాయి. అవి చూడటానికి పాదరసంలాగే వెండి రంగులో మెరుస్తాయి కాబట్టి, పెట్టెపై పాదరసం లేదని స్పష్టంగా రాసి ఉంటేనే కొనండి.

డిజిటల్ థర్మామీటర్‌లో వాడే బొత్తాం బ్యాటరీని కూడా పట్టించుకోవాలి. ఈ బ్యాటరీలలో కొన్ని రకాలలో కొద్ది పరిమాణంలో పాదరసం ఉండవచ్చు. పెట్టెపై ఇంగ్లీషు అక్షరాలలో "మెర్క్యూరీ ఫ్రీ" అనో, "సున్నా శాతం హెచ్‌జీ" అనో ఉన్న బ్యాటరీలనే కొనండి. పాదరసాన్ని ఒక తలుపు నుంచి పంపి మరో తలుపు నుంచి పిలవడం ఎందుకు?

బీపీ మిషన్ల విషయంలో కొంత ఆలోచన అవసరం. రెండు దారులు ఉన్నాయి. మొదటిది ముల్లు తిరిగే గుండ్రటి డయల్ ఉన్న అనెరాయిడ్ మిషన్. దీనికి స్టెతస్కోప్ కావాలి, కింద పడితే కొలత తప్పుతుంది, ఆరు నెలలకు ఒకసారి సరిచూడాలి. రెండవది చేతికి చుట్టి బటన్ నొక్కే డిజిటల్ మిషన్. దీనికి నైపుణ్యం తక్కువ చాలు గానీ, గుండె లయ తప్పిన రోగులలో దీని కొలత నమ్మదగినది కాకపోవచ్చు. అందుకే వార్డుకు డిజిటల్ మిషన్లు కొన్నా, ప్రతి అంతస్తుకూ ఒక అనెరాయిడ్ మిషన్ ఉంచండి.

కొనే ముందు దుకాణంలోనే చూడవలసినవి:

- 2021 జనవరి 1 నుంచి బీపీ మిషన్లు, డిజిటల్ థర్మామీటర్లు మన దేశంలో ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. తయారీ లేదా దిగుమతి లైసెన్సు సంఖ్య పెట్టెపై ఉండాలి.
- డిజిటల్ బీపీ మిషన్‌కు ఐఎస్ఓ 81060-2 ప్రమాణం ప్రకారం రోగులపై పరీక్ష జరిగిందో లేదో అమ్మేవారిని అడగండి. "డాక్టర్లందరూ ఇదే వాడుతున్నారు" అన్న మాట ఆ పరీక్షకు సాక్ష్యం కాదు.
- పట్టీ కొలతలు కనీసం మూడు ఉండాలి: పిల్లలది, మామూలు పెద్దలది, లావు చేతులది. 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలతకు సరిపోయే మామూలు పట్టీని లావు చేతికి బిగిస్తే బీపీ ఉన్నదాని కంటే ఎక్కువగా చూపిస్తుంది. నింద మాత్రం కొత్త మిషన్‌పై పడుతుంది.
- సరిచూసే సేవ వరంగల్‌లోనే దొరుకుతుందా, హైదరాబాద్‌కు పంపాలా అన్నది బిల్లు రాయించే ముందే తేల్చుకోండి.

4. పాతది తీయకముందే పోల్చి చూడండి

చాలాచోట్ల మార్పు విఫలమయ్యేది ఇక్కడే. సోమవారం కొత్త మిషన్లు వస్తాయి, మంగళవారం పాతవి స్టోరుకు పోతాయి, శుక్రవారానికి "ఇది తప్పు చూపిస్తోంది" అంటూ సీనియర్ డాక్టరుగారు పాతదాన్ని మళ్లీ తెప్పించుకుంటారు. ఆ తర్వాత ఆ మిషన్ మరో అయిదేళ్లు కదలదు.

దీనికి విరుగుడు రెండు వారాల పోలిక.

మొదటి వారం పరికరానికి పరికరాన్ని పోల్చండి. వై ఆకారపు గొట్టం ఒక కొసను గాలి బుడ్డికి, ఒక కొసను సరిచూసి ఉన్న మిషన్‌కు, మిగిలిన కొసను కొత్త అనెరాయిడ్ మిషన్‌కు కలపండి. 250 వరకు పెంచి, 200, 150, 100, 60 అంకెల వద్ద ఆగుతూ రెండింటినీ చదవండి. తేడా 3 కంటే మించితే ఆ మిషన్‌ను వెనక్కి పంపండి. గాలి పూర్తిగా వదిలిన తర్వాత ముల్లు సున్నా గడిలో నిలవకపోతే పరీక్ష కూడా అక్కర్లేదు, అది పనికిరాదు. డిజిటల్ మిషన్‌ను ఈ పద్ధతిలో పరీక్షించాలంటే దాని పీడన పరీక్ష మోడ్ తెలిసిన సర్వీసు మనిషి ఉండాలి.

రెండవ వారం రోగులపై చూడండి. రోగిని అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, అదే చేతికి, నిమిషం విరామంతో, ముందు ఒకదానితో, తర్వాత మరొకదానితో కొలిచి రాయండి. ఒక్కొక్క కొలతలో కొంత తేడా రావడం సహజం, ఎందుకంటే బీపీయే నిమిషానికో తీరుగా ఉంటుంది. ఇరవై మంది కొలతలు రాసిన తర్వాత తేడా ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతోందా అన్నదే చూడవలసింది. ఆ కాగితాన్ని సీనియర్ డాక్టరుగారి ముందు పెట్టండి. వాదన కంటే ఆ కాగితం మీది అంకెలే త్వరగా ఒప్పిస్తాయి.

థర్మామీటర్లకు ఇంత శ్రమ లేదు. సుమారు 38 డిగ్రీల గోరువెచ్చని నీటి గిన్నెలో కొత్తవన్నింటినీ ఒకేసారి ముంచి, మిగతావాటితో కలవనిదాన్ని పక్కన పెట్టండి. చంకలో చూసిన కొలత నోటిలో చూసినదాని కంటే తక్కువగా ఉంటుందన్న సంగతిని సిబ్బందికి మరోసారి గుర్తు చేయండి. డిజిటల్ "తక్కువ చూపిస్తోంది" అన్న ఫిర్యాదులలో చాలా వాటికి కారణం ఇదే, లేదా బీప్ మోగకముందే తీసేయడం.

5. మార్చే రోజు

ఒకే రోజు, ఒకే విడతలో, మొత్తం భవనంలో మార్చండి. సగం వార్డులలో పాతవి, సగం వార్డులలో కొత్తవి ఉంటే పాతవే గెలుస్తాయి.

పాత బీపీ మిషన్‌ను మూసే ముందు పెట్టెను పాదరసం తొట్టి ఉన్న వైపుకు వంచి, గొట్టంలోని పాదరసమంతా తొట్టిలోకి దిగిన తర్వాత దాని తాళం మూయండి. ఈ చిన్న పని మరిచిపోయి పెట్టెను అడ్డంగా పడుకోబెట్టడం వల్లనే దారిలో కారుతుంది. ఆ తర్వాత ప్రతి మిషన్‌నూ విడివిడిగా మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, అంచులున్న ప్లాస్టిక్ ట్రేలో నిలబెట్టి తీసుకెళ్లండి. చక్రాల ట్రాలీపై గుమ్మాలు దాటించవద్దు. థర్మామీటర్లను వాటి గొట్టపు డబ్బాలలోనే ఉంచి, దూది పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో సర్దండి.

పాదరసాన్ని మిషన్ల నుంచి బయటకు తీసి ఒకే సీసాలో పోయాలన్న ఆలోచన వస్తుంది. చోటు కలిసి వస్తుందని అనిపిస్తుంది గానీ, అది చేయకండి. మిషనే దానికి మంచి పాత్ర.

6. ఒలికితే ఏం చేయాలి

కొన్నేళ్ల కింద, మే నెల మధ్యాహ్నం, నేను పనిచేసిన ఒక నర్సింగ్ హోంలో ట్రాలీ మీది బీపీ మిషన్ జారి పడింది. నేల షాబాద్ బండలది. ఆయమ్మ మంచి మనసుతో, ఎవరి కాలికీ గాజు గుచ్చుకోకూడదని, వెంటనే చీపురు తెచ్చి ఊడ్చింది. శనగగింజంత ఉన్న గుండ్లు చీపురు తగలగానే ఆవగింజలై, ఆవగింజలు కంటికి ఆనని చుక్కలై, బండల సందులలోకి దిగిపోయాయి. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ రాత్రి దీపాలు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వేసినప్పుడు, సందు పొడవునా సన్నని వెండి గీత మెరిసింది. మంచం కింద నుంచి గుమ్మం దాకా వెళ్లిన గీత అది. ఆ సందులను శుభ్రం చేయడానికి మాకు మూడు రోజులు పట్టింది. సరిగా చేసి ఉంటే గంట పని.

ఇందులో కనిపించే ద్రవం కంటే కనిపించని ఆవిరే ప్రమాదకరం. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చిన ఆవిరిలో సుమారు 80 శాతం ఊపిరితిత్తుల ద్వారా రక్తంలోకి చేరుతుంది. గది వేడి 20 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు పెరిగితే గాలిలో చేరగల ఆవిరి రెట్టింపు దాటుతుంది. మన వరంగల్ వేసవి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చేయవలసిన వరుస ఇది:

1. రోగులను, గర్భిణులను, పిల్లలను ముందుగా బయటకు పంపండి. ఒలికినచోట తొక్కినవారు చెప్పులు అక్కడే విడవాలి.
2. ఫ్యాను, ఏసీ ఆపండి. లోపలి తలుపు మూసి, బయటి వైపు కిటికీలు తెరవండి.
3. ఉంగరాలు, బంగారు గాజులు, గడియారం తీసేయండి. పుస్తెలతాడును జాకెట్ లోపలికి దోపుకోండి. పాదరసం తగిలిన బంగారం తెల్లబడి పెళుసవుతుంది.
4. గ్లౌజులు వేసుకోండి. మామూలు సర్జికల్ మాస్కు, ఎన్-95 మాస్కు పాదరసం ఆవిరిని ఆపవు. మాస్కు ఉందన్న ధైర్యంతో లోపల ఎక్కువసేపు ఉండవద్దు, మనిషి మార్చి మనిషి పనిచేయండి.
5. గాజు ముక్కలను ముందు ఏరి గట్టి డబ్బాలో వేయండి.
6. రెండు అట్టముక్కలతో బయటి అంచు నుంచి మధ్యకు, మెల్లగా, గుండ్లను ఒకచోటికి తోయండి. చిన్నవి పెద్దవాటిలో కలిసిపోతాయి.
7. సిరంజితో పీల్చి నీళ్లున్న సీసాలోకి వదలండి.
8. గది చీకటి చేసి టార్చిని నేలకు ఆనించి వెలుగు వేయండి. మెరిసిన ప్రతి చుక్కనూ టేపుతో అద్ది తీయండి.
9. సందులలో, పగుళ్లలో గంధకం పొడి చల్లండి. పసుపు పొడి పాదరసం ఉన్నచోట గోధుమ రంగుకు తిరుగుతుంది. కాసేపాగి బ్రష్షుతో ఎత్తండి.
10. గ్లౌజులు, టేపు, అట్టలు, సిరంజి, బ్రష్షు అన్నీ జిప్ కవరులో వేసి గట్టిగా మూయండి. అవి కూడా పాదరసం వ్యర్థమే.
11. గదిని కనీసం 24 గంటలు గాలి ఆడనివ్వండి. ఆ గదిలో ఆ రాత్రి ఎవరినీ పడుకోబెట్టవద్దు.

పరుపుపై, దుప్పటిపై, తివాచీపై పడితే ఉతకడం పరిష్కారం కాదు. వాషింగ్ మిషన్‌లో వేస్తే మిషన్, ఆ తర్వాతి బట్టలు, మురుగునీరు అన్నీ పాడవుతాయి. పడిన మేరకు కత్తిరించి కవరులో వేయాలి. వాక్యూమ్ క్లీనర్ చీపురు కంటే చెడ్డది, అది పాదరసాన్ని వేడి చేసి గది నిండా వెదజల్లుతుంది. బ్లీచింగ్ పౌడర్, హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణం అసలే వాడవద్దు. రక్తం ఒలికితే హైపో పోసే అలవాటున్న సిబ్బందికి ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఆ క్లోరిన్ పాదరసంతో చర్య జరుపుతుంది.

బీపీ మిషన్ మొత్తం చెక్క నేలలోకో, పగుళ్లలోకో పోయి చేతికి అందకపోతే గది మూసివేసి, కాలుష్య నియంత్రణ మండలి వరంగల్ ప్రాంతీయ కార్యాలయాన్ని సలహా అడగండి. ఒలికిన గదిలో ఉన్నవారికి దగ్గు, ఛాతీలో బిగుతు, నోటిలో లోహపు రుచి, జ్వరం వంటివి కనిపిస్తే పాదరసం ఆవిరి పీల్చిన సంగతి చెప్పి డాక్టరుకు చూపించాలి.

పిల్లవాడు థర్మామీటర్ కొరికి పాదరసం మింగితే తల్లిదండ్రులు హడలిపోతారు. మింగిన ద్రవ పాదరసం పేగుల నుంచి శరీరంలోకి దాదాపు చేరదు, మలంతో పోతుంది. అక్కడ అసలు భయం గాజు ముక్కలది. వాంతి చేయించకండి, నోటిలోని ముక్కలు జాగ్రత్తగా తీసి దవాఖానాకు తీసుకెళ్లండి. ఊపిరి ఇబ్బంది ఉంటే 108కి ఫోన్ చేయండి.

7. నిల్వ, అప్పగింత

పాదరసం జీవవైద్య వ్యర్థం కాదు, ప్రమాదకర వ్యర్థం. కాల్చివేయవలసిన దవాఖానా వ్యర్థాల పసుపు సంచిలో వేస్తే దహన కొలిమిలో ఆవిరై గాలిలో కలుస్తుంది. తెల్ల డబ్బాలో, నీలి పెట్టెలో వేసినా ఆటోక్లేవ్ వేడికి అదే జరుగుతుంది. పగిలిన థర్మామీటర్ "గాజే కదా" అని నీలి పెట్టెలో వేయడం నేను ఎక్కువగా చూసిన తప్పు.

నిల్వకు ఎండ తగలని, తాళం ఉన్న, రోగులు మసలని గది కావాలి. సీసాలపై, డబ్బాలపై "పాదరసం వ్యర్థం, ప్రమాదకరం, తెరవరాదు" అని తెలుగులోనే రాసి, తేదీ, వార్డు పేరు, ఉజ్జాయింపు బరువు వేయండి. అల్యూమినియం ట్రేలు వాడవద్దు, పాదరసం అల్యూమినియాన్ని తినేస్తుంది.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం ఇలాంటి వ్యర్థాన్ని సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. అందుకే పాత మిషన్లను తీయడానికి ముందే, లెక్క పూర్తయిన వారంలోనే, కాలుష్య నియంత్రణ మండలికి లేఖ రాసి అనుమతి ఉన్న సంస్థ పేరు తెలుసుకోండి. మన రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రం హైదరాబాద్ శివారు దుండిగల్‌లో ఉంది. ఒక్క చిన్న దవాఖానా కోసం వాహనం రావడం కష్టం కాబట్టి, హనుమకొండ, కాజీపేట, వరంగల్ నర్సింగ్ హోంలు ఒకే తేదీ ఖరారు చేసుకుని కలిసి అప్పగించడం నయం. కరీంనగర్, మంచిర్యాల వైపు వారికి కూడా ఇదే సలహా.

అప్పగించేటప్పుడు ఫారం 10 మేనిఫెస్ట్ (వ్యర్థం రవాణా పత్రం)పై సంతకాలు తీసుకుని నకలు భద్రపరచండి. నకలు ఇవ్వని మనిషికి పాదరసం ఇవ్వకండి. తుక్కు దుకాణానికి అమ్మడం, పల్లెలోని ఆర్ఎంపీకి "ఇంకా పనిచేస్తోంది, వాడుకోండి" అని ఇవ్వడం, పాఠశాల ల్యాబుకు దానం చేయడం, ఈ మూడూ పాదరసాన్ని తగ్గించడం కాదు, మరొకరి ఇంటికి పంపడం.

దంతవైద్యులకు ఒక మాట. పంటి గుంతలు నింపే వెండి రంగు అమాల్గం పూరకంలో దాదాపు సగం బరువు పాదరసమే. పదిహేనేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు దాన్ని వాడకుండా చూడాలన్నది మినమాటా ఒప్పందంలో చేర్చిన నిబంధన. మిగిలిన తుక్కును మూత బిగించిన డబ్బాలో వేయాలి, అమాల్గం ఉన్న పంటిని పీకితే పసుపు సంచిలో వేయకూడదు. రోగులకు చెప్పవలసింది వేరు: ఇప్పటికే ఉండి బాగున్న పూరకాన్ని భయంతో తీయించుకోవద్దు, తీసేటప్పుడే ఆవిరి ఎక్కువ వస్తుంది.

8. ఇంట్లో

ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్‌లు కాలిపోయిన కొద్దీ ఎల్ఈడీలు పెట్టుకుంటూ పోండి. పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబు బిగించేటప్పుడు చోకు, స్టార్టర్ తీయాలా వద్దా అన్నది ఆ ట్యూబు రకాన్ని బట్టి ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. కాలిపోయిన పాతవాటిని పగలగొట్టకుండా, వచ్చిన అట్టపెట్టెలోనే పెట్టి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాలలో ఈ దీపాలు కూడా ఉన్నాయి. నీటి శుద్ధి యంత్రంలోని యూవీ దీపం కూడా చాలావరకు పాదరసం దీపమే. దాన్ని మార్చిన మెకానిక్ పాతది చెత్తబుట్టలో పడేస్తుంటే అడిగి తీసుకోండి.

సీఎఫ్ఎల్ పగిలితే 6వ భాగంలోని హడావిడి అక్కర్లేదు. ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి, పది పదిహేను నిమిషాలు బయట ఉండి, తర్వాత అట్టతో, టేపుతో ఎత్తి మూత ఉన్న సీసాలో వేయండి. ఇక్కడా చీపురు వద్దు.

తెల్లబరిచే క్రీముల సంగతి ఇంతకంటే ముఖ్యం, ఎందుకంటే అక్కడ పాదరసం పగలనక్కర లేకుండానే రోజూ ఒంటికి చేరుతుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్ వైద్యులు 2021 నుంచి 2023 మధ్య చూసిన ఒక రకం మూత్రపిండాల జబ్బు రోగులు 22 మందిలో 15 మందికి ఒకే ప్రత్యేక లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. మన దేశపు సౌందర్య సాధనాల నియమాలు ఇలాంటి క్రీములలో కావాలని పాదరసం కలపడాన్ని ఒప్పుకోవు. సమస్య లైసెన్సు లేకుండా, చేతులు మారి వచ్చే డబ్బాలది.

క్రీము డబ్బాను ఇలా పరిశీలించండి:

- తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య లేకపోతే కొనవద్దు.
- మెర్క్యూరీ, మెర్క్యూరిక్, మెర్క్యూరస్, కాలొమెల్ అన్న మాటలు ఎక్కడ ఉన్నా పక్కన పెట్టండి.
- "బంగారం, వెండి నగలకు తగలనివ్వవద్దు" అని రాసి ఉంటే అది దాదాపు ఒప్పుకోలే. పుస్తెలతాడును తెల్లబరిచే పదార్థం ముఖానికి ఏం మేలు చేస్తుంది?
- వారం రోజుల్లోనే రంగు తేలిందని ఎవరైనా చెబితే సంతోషించకండి, అనుమానించండి.

వాడుతున్నవారు వెంటనే మానేసి, కాళ్ల వాపు, మూత్రంలో నురగ కనిపిస్తే డాక్టరుకు డబ్బాతో సహా చూపించాలి. వారి తువ్వాలు, దిండు గలీబుల ద్వారా ఇంట్లోని పసిపిల్లలకు కూడా పాదరసం చేరవచ్చు.

పూజగదిలో పాదరస లింగం ఉన్నవారు భక్తికి భంగం లేకుండా పాటించవలసినవి రెండే. వేడి చేయవద్దు, అభిషేకం చేసిన పాలు, నీళ్లు తీర్థంగా తాగవద్దు. రససింధూరం వంటి పాదరసం ఉన్న ఆయుర్వేద మందులను అర్హత ఉన్న వైద్యుడు రాసిన మోతాదులో తప్ప, జాతరలో కొన్న పొట్లం నుంచి తీసుకోవద్దు.

9. తప్పు జరిగిపోతే ఎలా దిద్దుకోవాలి

*పాదరసం సింకులో పోశారు.* నీళ్లు వదలకండి. సింకు కింది వంపు గొట్టంలో అది నిలిచి ఉంటుంది. కింద ప్లాస్టిక్ గిన్నె పెట్టి, ప్లంబర్‌కు సంగతి ముందే చెప్పి, ఆ వంపు విప్పించి సీసాలోకి పట్టండి.

*చీపురుతో ఊడ్చేశారు.* చీపురును కవరులో మూటగట్టి పాదరసం వ్యర్థంలో చేర్చండి. ఊడ్చిన దారి అంతా టార్చి వేసి, 6వ భాగం 8వ అంశం నుంచి మొదలుపెట్టండి.

*పసుపు సంచిలో వేశారు, వాహనం ఇంకా రాలేదు.* సంచిని విప్పి వెతకకండి. దానికి మరో సంచి తొడిగి, "పాదరసం ఉంది" అని రాసి, పక్కన పెట్టి, వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థకు ఫోన్ చేసి చెప్పండి.

*కొత్త మిషన్లు వచ్చి ఆరు నెలలైనా పాతవి వార్డులోనే తిరుగుతున్నాయి.* రోగులపై చేసిన పోలిక కాగితం ఉందో లేదో చూడండి. చాలాసార్లు ఉండదు. 4వ భాగానికి తిరిగి వెళ్లి, ఈసారి ఆ కొలతలను పాత మిషన్ వదలని డాక్టరుగారి చేతే రాయించండి.

*డిజిటల్ థర్మామీటర్లు నెలలోపే పాడవుతున్నాయి.* కడగడం చూడండి. మరిగే నీటిలో వేస్తున్నారు, లేదా రాత్రంతా ద్రావణంలో నానబెడుతున్నారు. 70 శాతం స్పిరిట్ తడిపిన దూదితో కొసను తుడిచి ఆరనిస్తే చాలు. బ్యాటరీ మూత దగ్గర పచ్చగా తుప్పు ఉంటే నీరు అటు నుంచే వెళ్తోంది.

*సిబ్బంది మారారు, కిట్టు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.* కిట్టును స్టోరులో కాకుండా నర్సుల బల్ల కింద, ఎర్ర పెట్టెలో పెట్టి, 6వ భాగంలోని పదకొండు అంశాలను మూత లోపలి వైపు అతికించండి. మూడు నెలలకు ఒకసారి, పాదరసానికి బదులు స్టీలు గుండ్లు నేలపై పోసి, రాత్రి డ్యూటీ వారి చేతే ఎత్తించి చూడండి. ఎవరు ముందుగా చీపురు వైపు నడుస్తారో అప్పుడే తెలిసిపోతుంది.